తాలూకా బోర్డు బల్ల

మా ముత్తాత తండ్రి పెనుకొండ కచేరీలో సిరస్తాదారు. మా ముత్తాత పదకొండు ఊళ్ళకు మిరాసీదారు. జాతరలో మొదటి తాంబూలం ఆయన చేతికి ఇచ్చాకే రథం కదిలేది. మా తాత పెనుకొండ తాలూకా బోర్డుకు అధ్యక్షుడు. మా నాయన తాలూకా బోర్డు అధ్యక్షుడి కొడుకు. ఆయనకు అంతకు మించి ఉద్యోగం లేదు. నేను హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి, పింఛను లేకుండా ఇంటికి వచ్చినవాణ్ణి.

ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమైతే చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. బోర్డు అనే మాట గురించి రాయాలని కూర్చున్నాను. ఆ మాట మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో, ఎట్లా బయటికి పోయిందో చెప్పాలంటే మా వాళ్ళను ముందుగా నిలబెట్టక తప్పదు.

చిన్నప్పుడు అది ఇంగ్లీషు మాట అని నాకు తెలియదు. మా ఇంటిపేరు లాంటిదేదో అనుకునేవాణ్ణి. తాలూకా బోర్డులు రద్దయి ఎన్నో ఏళ్ళు గడిచినా పెనుకొండలో మా ఇంటిని బోర్డాయన ఇల్లు అనేవారు. మా అవ్వ బోర్డమ్మ. మా ఎద్దులు తాడు తెంచుకుని ఎవరి చేన్లోనైనా పడితే, బోర్డోళ్ళ ఎద్దులని కొట్టకుండా తోలుకొచ్చి అప్పజెప్పేవారు. బడిలో పంతులు గోడకున్న నల్లటి పలకను చూపించి “బోర్డు” అన్న రోజున, ఆయన మా తాతను గోడకు ఎందుకు తగిలించాడో నాకు అర్థం కాలేదు.

తర్వాత అనంతపురంలో బి.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తీసి ఆ మాట పుట్టుక చూశాను. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో బోర్డంటే మానును కోసి తీసిన పలక. ఆ పలకను చేత పట్టుకుని యుద్ధానికి పోతే డాలు. దాన్నీ బోర్డే అన్నారు. ఓడ పక్క కూడా బోర్డే. ఓడ ఎక్కడాన్ని, ఓడ మీంచి నీళ్ళలో పడటాన్ని ఇప్పటికీ ఆ మాటతోనే చెబుతారు. పలకకు కాళ్ళు పెడితే భోజనాల బల్ల అయింది. కొన్నాళ్ళకు బల్లను వదిలేసి, దాని మీది తిండిని బోర్డు అన్నారు. గది అద్దెకు తీసుకుని తిండికి కూడా అక్కడే కట్టేవాడు బోర్డరయ్యాడు. మరికొన్నాళ్ళకు తిండిని కూడా పక్కన పెట్టి, ఆ బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసే పెద్దమనుషులనే బోర్డు అన్నారు. పేకాడేవాడు చేతులు బల్ల మీద కనబడేటట్టు పెడితే నిజాయితీపరుడని, దానికి ‘అబౌ బోర్డ్’ అని ఒక నుడికారం కట్టారు. మొత్తానికి చెక్క మనుషులైంది.

ఇందులో వింతేమీ లేదు. మన పీఠం కూడా మొదట కూర్చునే పీటే. ఇప్పుడు పీఠం అంటే మఠం, మాన్యం, అధిపతి. రచ్చ ఊరి పెద్దలు కూర్చునే చోటు. ఇప్పుడు పెద్దలు పోయి రచ్చ మిగిలింది.

మన దగ్గరికి బోర్డు పెద్దమనుషులుగానే వచ్చింది. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు. వచ్చాక దిగడం మొదలుపెట్టింది. బడిలో నల్లబోర్డయింది. అంగడి మీద రేకుబోర్డయింది. గోడలో స్విచ్చుల బోర్డయింది, అరుగు మీద క్యారంబోర్డయింది. ఇప్పుడు జనం సొమ్ము ఎత్తుకుని పారిపోయినవాణ్ణి బోర్డు తిప్పేశాడంటున్నారు. ఒక మాట ఇంత కిందికి దిగడానికి వందేళ్ళు పట్టింది. మా కుటుంబానికి అంతకంటే తక్కువే పట్టింది.

మా తాత కాలంలో బోర్డు ఆఫీసు పైకప్పు కురిసేదట. అందుకని మీటింగులు మా ఇంటి ముందర చావడిలో జరిగేవి. దాని కోసం ఆయన ఒక బల్ల చేయించాడు. ఒకే టేకుమానులోంచి కోసిన పలక, పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, మధ్యలో అతుకు లేదు. దానికి నాలుగు కాళ్ళు, ఒక్కో కాలు నా తొడంత. పక్కలకు రెండు పొడుగాటి బెంచీలు, తలవైపు ఒక్క కుర్చీ. పొద్దున ఆ బల్ల మీద రోడ్లు, బావులు, సత్రాలు, బళ్ళు నడిచేవి. మధ్యాహ్నానికి కాగితాలు ఎత్తి దాని మీదే ఆకులు వేసేవారు.

ఆ భోజనానికి ఒక పద్ధతి ఉండేది. కుర్చీలో ఉన్న మనిషి లేచేదాకా బెంచీల మీదివాళ్ళు లేవకూడదు, చెయ్యి కడుక్కోకూడదు. మా తాత నిదానంగా తినేవాడు. ఒక ఊరికి బావి వద్దని పొద్దున గట్టిగా వాదించిన మెంబరు కూడా, మధ్యాహ్నం చెయ్యి ఎండబెట్టుకుని అరగంట కూర్చున్నాక సరేననేవాడని మా నాయన చెప్పేవాడు. అది మా ఇంటి మర్యాద అని, ఇంకే ఇంట్లోనూ అంత ఖచ్చితంగా జరగదని కూడా చెప్పేవాడు. నేను నమ్మాను.

బోర్డు రద్దయినట్టు ప్రభుత్వం మా తాతకు కాగితం పంపింది గానీ, భోజనానికి వచ్చేవాళ్ళకు పంపలేదు. వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆయన పెడుతూనే ఉన్నాడు. ఒక్కో ఊళ్ళో భూమి ఒక్కో ఏడు పోయింది. మా నాయన కాలానికి ఇల్లు మిగిలింది, నా కాలానికి ఇల్లు కూడా పోయి, కొన్నవాళ్ళ చావడిలో బల్ల మిగిలింది. దాన్ని బయటికి తీయాలంటే వాకిలి పగలగొట్టాలి గనుక వాళ్ళు అట్లాగే ఉంచి దాని మీద చెనక్కాయ మూటలు వేసుకునేవారు.

మా చెల్లెల్ని మడకశిరకు ఇచ్చాం. మా బావ పోయాక ఆమె హిందూపురం నా దగ్గరికి వచ్చింది. నా భార్య అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి, టిఫిను బయట తినేవాణ్ణి. మా చెల్లెలు వచ్చిన పది రోజులకే, ఊరికే కూర్చుని అన్న సంపాదన తినలేనని, మెస్సు పెడతానని చెప్పింది. నా సంపాదన అంటే ట్యూషన్లు. అన్నం అమ్మడం మా ఇంట్లో లేదన్నాను. అమ్మే సంగతి తెలియకుండా అమ్ముతానంది.

బస్టాండు వెనక సందులో కింద ఒక పొడుగాటి గది, వెనక వంటిల్లు, పైన ఒక గది ఉన్న కొంప అద్దెకు తీసుకున్నాం. నేను రెండు షరతులు పెట్టాను. బయట బోర్డు కట్టకూడదు. తిన్నవాణ్ణి డబ్బు అడగకూడదు. గడప దగ్గర డబ్బాలో వాళ్ళే వేసిపోవాలి. మా చెల్లెలు రెంటికీ ఒప్పుకుంది. సంగటి, పప్పు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, చారు, మజ్జిగ. చాపల మీద కూర్చోబెట్టి పెట్టేది. లేత్ షాపుల పనివాళ్ళు, బస్సు కండక్టర్లు, దగ్గరి అంగళ్ళవాళ్ళు వచ్చేవారు. కొన్నాళ్ళకు దాన్ని బోర్డు లేని మెస్సు అనడం మొదలుపెట్టారు. కూరలవాడు చిరునామాగా కూడా అదే చెప్పేవాడు. మధ్యాహ్నం మూడు పంక్తులు లేచేవి. డబ్బాలో ఎప్పుడూ తక్కువ పడలేదని మా చెల్లెలు చెప్పేది.

అట్లా నాలుగేళ్ళు బాగా నడిచాక పెనుకొండ నుంచి కబురొచ్చింది. పాత ఇల్లు కొన్నవాళ్ళు చావడి పడగొట్టి అంగళ్ళు కడుతున్నారట. బల్ల కావాలంటే తీసుకుపొమ్మని, లేకుంటే కోయించి తలుపులు చేయించుకుంటామని అన్నారు. నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

బల్లను లారీలో హిందూపురం తెచ్చాం. ఆరుగురు దించారు. వాకిట్లో పట్టలేదు. తలుపు, దాని చట్రం ఊడదీసి, పక్కకు తిప్పి, లోపలికి పెట్టి, మళ్ళీ చట్రం బిగించాం. గది పొడవంతా బల్లే ఉంది. ఒక బెంచీ గోడకు ఆనింది, ఇంకో బెంచీకీ అవతలి గోడకూ మధ్య గిన్నె పట్టుకున్న మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. మా చెల్లెలు దాన్ని చుట్టూ తిరిగి చూడలేక, గడపలో నిలబడి చూసింది. బెంచీకి అయిదుగురు చొప్పున ఒక పంక్తికి పదిమంది పడతారని లెక్క చెప్పాను. చాపల మీద కూడా పదిమందే పట్టేవారని ఆమె అంది. బల్ల మీద తినడం గౌరవంగా ఉంటుందన్నాను. ఆమె చాపలు చుట్టి వంటింట్లో పెట్టింది.

కుర్చీ రాలేదు, అది ఎప్పుడో పోయింది. తలవైపు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆ రోజు నుంచి మధ్యాహ్నం మొదటి పంక్తిలో నేనూ కూర్చున్నాను. అంతకుముందు నేను పైన గదిలో ఒంటరిగా తినేవాణ్ణి. ఇంటి యజమాని తలవైపు లేని బల్ల సంతలో బండతో సమానం. వచ్చినవాడు తినేది మా ఇంట్లో అన్న సంగతి కనబడాలి.

ఆ రోజులు నాకు బాగున్నాయని ఒప్పుకోవాలి. ట్యూషన్లు తగ్గిపోయాయి. పాఠం చెప్పి చాలా రోజులైంది. బల్ల దగ్గర పదిమంది మర్యాదగా కూర్చుని వినేవారు. బోర్డు అనే మాట పుట్టుక వాళ్ళకు చెప్పాను, డాలు దగ్గర మొదలుపెట్టి, రోజుకొక అర్థం చొప్పున. ఓడ గురించి చెప్పిన రోజు, ధర్మవరం రూటులో తిరిగే కండక్టరు తన బస్సు సంగతి చెప్పాడు.

“మా బస్సుకూ ముందర బోర్డు ఉండాది సార్. ధర్మవరం అని రాసినాం. దాన్ని నమ్మి ఎక్కినోణ్ణి పెనుకొండలో దించి, యింగో బస్సు సూసుకోబ్బా అంటాం.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, ఓడకు కుడిపక్కను ఇంగ్లీషువాళ్ళు స్టార్‌బోర్డు అని ఎందుకంటారో, చుక్కాని అటువైపు ఎందుకుండేదో వివరించాను. అందరూ విన్నారు. చేతులు ఎండిపోయి, మెతుకులు వేళ్ళకు అంటుకుని ఉన్నా విన్నారు. నేనది చూశాను. తృప్తిగా తిన్నారనుకున్నాను.

ఆరు నెలల్లో మూడు పంక్తులు రెండయ్యాయి. ఏడాదికి ఒకటయింది. తర్వాత ఒక బెంచీ నిండడం కష్టమైంది. అదే సమయంలో ఎదుటి సందులో ఒక కొత్త మెస్సు తెరిచారు. నిలబడి తినే బల్లలు, ముందు ఒక ఫ్లెక్సీ. మా చెల్లెలు బోర్డు అడిగింది. నేను బోర్డు అనే మాట చరిత్ర అంతా మొదటి నుంచి చెప్పాను. ఆమె కందిపప్పులో రాళ్ళు ఏరుతూ పూర్తిగా విని, “అవన్నీ సరే అన్నా. మనకు కావల్సింది వాకిట్లో కట్టే బోర్డు. అది కడదామా వద్దా?” అంది.

వద్దన్నాను. తాలూకా బోర్డు ఇంట్లోనే జరిగిన కుటుంబం రేకు మీద పేరు రాసి వాకిట్లో వేలాడదీయదని చెప్పాను.

ఇంటి ఓనరు కింద గదిని సెల్‌ఫోన్ల అంగడికి అడుగుతున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు మా చెల్లెలు నాతో ఒక సాయంత్రం నింపాదిగా మాట్లాడింది. ఉగాది దాకా చూస్తుందట. అప్పటికీ ఇట్లాగే ఉంటే మెస్సు మూసి, మడకశిరలో ఒక కళ్యాణ మండపంలో వంటకు పోతుందట. వాళ్ళు మాట కూడా ఇచ్చారట. అక్కడే గదిస్తారు. నేను మళ్ళీ టిఫిను బయట తినాలి. ఆమె అది కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నేను జవాబు చెప్పగలిగేవాణ్ణి. తాలూకా బోర్డు అధ్యక్షుడి మనవరాలు ఇంకొకరి పెళ్ళిళ్ళలో, ఇంకొకరి పొయ్యి దగ్గర, ఇంకొకరు చెప్పినట్టు వండటం అనే దాన్ని ఆ రాత్రంతా మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ వైపు నుంచి చూసినా ఒకటే.

పొద్దున పోయి రేకుబోర్డుకు చెప్పి వచ్చాను. భోజనం అని మాత్రమే రాయించాను. అక్షరాలు బాగా కుదిరాయి. బోర్డు కట్టిన నెలలో కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కసారే వచ్చారు. రెండోసారి ఎవరూ రాలేదు.

దీనితో బోర్డు లేకపోవడం కారణం కాదని తేలింది. ఈ సంగతి మా చెల్లెలితో అన్నాను. నా వాదన నిలబడింది గానీ మెస్సు నిలబడలేదు.

ఉగాది ఇంకా నెల ఉందనగా, లేత్ షాపులో పనిచేసే మనిషి ఒకాయన టీ అంగడి దగ్గర కనబడ్డాడు. యాభై ఏళ్ళవాడు. మెస్సు తెరిచిన మొదటి వారం నుంచి వచ్చినవాడు, ఏడాదిగా రావడం లేదు. నన్ను చూసి గ్లాసు వెనక్కి పెట్టి లేచి నిలబడ్డాడు. కనబడటం లేదేమప్పా అని అడిగాను. పనెక్కువగా ఉందన్నాడు. మా చెల్లెలి వంట మారిందా అని అడిగాను. అప్పుడు ఆయన ఇబ్బంది పడ్డాడు.

“అయ్యో, వంటకేంది సార్. అమ్మ సేతి ఊరిబిండి యాడ దొరుకుతాది. మాకు తిండికి అరగంటే సార్ ఇచ్చేది.”

అరగంట తిండికి చాలదా అన్నాను.

“తినేదానికి పది నిమిషాలు సాలు. లేసేదానికే సార్. మీరు లేస్తే గదా మేము లేసేది. పెద్దాయన కూసోనుండంగా సెయ్యి కడుక్కుంటే బాగుండదు. రొండు తూర్లు లేటయి మా షాపు ఓనరు వాకిట్లోనే నిలబెట్నాడు. యింగ నేను రాల్యా.”

అట్లా కూర్చోవాలని మీకు ఎవరు చెప్పారని అడిగాను. నేను ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలు చెప్పిందేమో అనుకున్నాను.

“ఎవురూ సెప్పల్యా సార్” అన్నాడు. “మా యిండ్లల్లోనూ అంతే గదా.”

టీ తాగమని ఆయనకు చెప్పి వచ్చేశాను. దారిలో ఆ చివరి మాట గురించే ఆలోచించాను. ఆ మర్యాద మా తాతదని అరవై ఏళ్ళకు పైగా అనుకుంటున్నాను. లేత్ షాపు మనిషి ఇంట్లోనూ అదే ఉందట. వాళ్ళ తాత ఏ బోర్డుకూ అధ్యక్షుడు కాదు. నా ముందు పదిమంది కూర్చుని ఉన్నది పెనుకొండ బోర్డాయన మనవణ్ణని కాదు, తలవైపు తెల్లజుట్టు మనిషి ఒకడు ఇంకా తింటున్నాడని. నేను కూర్చునేది నలభై నిమిషాలు. డాలు గురించి చెప్పిన రోజు ఇంకా ఎక్కువే అయి ఉంటుంది.

ఇంకొన్ని సంగతులు కూడా దారిలోనే అర్థమయ్యాయి. మా చెల్లెలు కొన్నాళ్ళుగా నాకు సంగటి ముద్ద చిన్నది పెడుతోంది. వయసుకు తగ్గట్టు పెడుతోందనుకున్నాను. నేను అడగకముందే మజ్జిగ తెచ్చి పోస్తోంది. మర్చిపోయి పోస్తోందనుకుని, చారు ఇంకా కాలేదని చెప్పి ఆపించేవాణ్ణి. ఒకటి రెండుసార్లు వంటింట్లోంచి, పైన నీ ఫోను మోగుతాందన్నా అని కేక వేసింది. మోగనీ అన్నాను.

ఇంటికి వచ్చేటప్పటికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. టీ అంగడి దగ్గర విన్నది చెప్పి, నీకు ఇది తెలుసునా అని అడిగాను. తెలుసు అంది. ఎప్పటి నుంచి అన్నాను. బల్ల వచ్చిన వారం నుంచి అంది. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

మా చెల్లెలు గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టింది.

“సెప్తే ఏం జేస్తావన్నా నువ్వు? అన్నం తట్ట ఎత్తుకోని వంటింట్లో ఒక మూలన కూసోని తింటావు. నిన్ను మూలన కూసోబెట్టి పెట్టేదాన్నా నేను? దానికన్నా మడకశిర పోయేదే మేలనుకుంటి.”

నేను ఆ రోజు పైకి పోయి చాలాసేపు కూర్చున్నాను.

మరుసటి రోజు పదకొండు గంటలకే తిని, పన్నెండున్నరకు వాకిట్లో నిలబడ్డాను. వచ్చినవాళ్ళు నలుగురు. పెద్దమనిషి నిలబడి ఉండగా కూర్చుని తింటుంటే వాళ్ళకు ముద్ద దిగలేదు. ఒకాయన లేచి, మీరు కూర్చోండి సార్ అని తన చోటు ఇచ్చాడు. నేను పైకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత వరసగా వారం రోజులు కిందికి రాలేదు. పైన మెట్ల దగ్గర కూర్చుంటే కింద జరిగేది కొంత కనబడుతుంది. గోడవైపు బెంచీలో మధ్యన కూర్చున్నవాడికి తినడం అయిపోయినా, పక్కవాళ్ళు లేస్తే గాని బయటికి దారి లేదు. ఇవతలి బెంచీలో ఒకడు లేస్తే నలుగురు కాళ్ళు ముడుచుకోవాలి. ఆలస్యమంతా నా వల్లే అనుకున్నాను. పూర్తిగా కాదు. ఆ బల్లను మా తాత చేయించిందే అందరూ ఒకేసారి కూర్చుని ఒకేసారి లేవడానికి. పని తొందర ఉన్నవాళ్ళ కోసం కాదు. తాలూకా బోర్డులో ఎవరికీ పని తొందర లేదు.

వారం తర్వాత, బల్ల అమ్మేద్దామని నేనే అన్నాను. మా చెల్లెలు ఒప్పుకోలేదు. తన మెస్సు కోసం నేను బల్ల పోగొట్టుకుంటే ఆ అన్నం తనకు సహించదంది. అది పోతే నీకేముండాదన్నా అని కూడా అంది. కుర్చీ ఉంది కదా అన్నాను. ఆమె నవ్వలేదు. ఉగాదికి పద్దెనిమిది రోజులుంది. ఓనరు సెల్‌ఫోన్ల అంగడివాణ్ణి తీసుకొచ్చి గది కొలతలు చూపించి పోయాడు; బల్ల అడ్డంగా ఉండటం వల్ల వాళ్ళు చివరిదాకా కొలవలేకపోయారు. వాళ్ళు పోయాక ఆమె గిన్నెలు సర్దుకుంది. తర్వాత ఆమె, నీ ఇష్టం అంది.

హిందూపురంలో పాతసామాన్లవాళ్ళు పలకను నాలుగు ముక్కలు చేసి కొంటామన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు మన కండక్టరు, ధర్మవరంలో తనకు తెలిసిన ఒక పట్టుచీరల ఇంటివాళ్ళు పొడుగాటి పలక కోసం వెతుకుతున్నారని చెప్పాడు. ఆయన బస్సులోనే పోయాను. ఆ రోజు బస్సు బోర్డులో ఉన్న ఊరికే పోయింది.

ఆ ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. నేసిన చీరలను పరిచి చూసి, మడత వేసి అంగళ్ళకు పంపేది ఆ ఇంటి పెద్దాయన. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేలమీద చాప వేసి, చీర పరిచి చూపించాడు. సగానికి మడిస్తే తొమ్మిది అడుగులు. కొత్తగా చేయించిన బల్లల్లో రెండు పలకలు అతుకుతారట. ఆ అతుకులో పట్టు పోగు తగులుకుంటుందట. ఒక్క పోగు లేస్తే చీర పోయినట్టే. అతుకు లేని పలక కావాలని రెండేళ్ళుగా చూస్తున్నారు.

రెండో రోజు ఆయన కొడుకుతో కలిసి హిందూపురం వచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం పంక్తి అయిపోయింది. ఆయన బల్ల చుట్టూ నడవలేదు. గోడవైపు బెంచీ మీద కూర్చుని జరుగుతూ, అరచెయ్యి వెనకవైపును పలక మీద ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా తీసుకుపోయాడు. అరచేతికి తెలియని పుల్ల చేతివెనక తెలుస్తుందట. ఎక్కడా ఆగలేదు. ఇంత నున్నగా ఎట్లా వచ్చిందని, ఏం నూనె పెట్టారని అడిగాడు. ఏ నూనే పెట్టలేదని, ఎనభై తొంభై ఏళ్ళుగా దీని మీద ఆకులు వేస్తున్నామని, మోచేతులు పెడుతున్నామని చెప్పాను.

“యిది యాడిదప్పా?” అని అడిగాడు ఆయన.

పెనుకొండ తాలూకా బోర్డుది అని చెప్పాను.

“బోర్డంటే కరెంటోళ్ళదా?”

“కాదు. అంతకంటే పాతది” అన్నాను.

మా చెల్లెలు అన్నం తినమంటే, వద్దనకుండా తండ్రీకొడుకులిద్దరూ కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. తలవైపు పెద్దాయనను కూర్చోమన్నాను; నాకంటే పెద్దవాడు. ఆయన కూర్చున్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆ బల్లకు బెంచీ మీద కూర్చుని తినడం నాకు అదే మొదలు. నా భోజనం ముందు అయిపోయింది. ఆయనకు పళ్ళు లేవు. చారు దగ్గరికి వచ్చేటప్పటికి నా చెయ్యి ఎండిపోయింది. ఆయన మజ్జిగ పోసుకుని, మడకశిర పట్టుగూళ్ళ నాణ్యం గురించి మా చెల్లెల్ని రెండు మాటలు అడిగి, మెల్లగా లేచాడు. అప్పుడు లేచాను. ఎండిన సంగటి వేళ్ళ మీంచి వదలడానికి చాలా నీళ్ళు పట్టాయి.

గదిలో ఇప్పుడు నాలుగు స్టీలు బల్లలున్నాయి. ఒక్కోదానికి నలుగురు. ఎవరి పని అయితే వాళ్ళు లేచిపోతారు. మధ్యాహ్నం పంక్తులని లెక్కపెట్టడం పోయింది. లేత్ షాపు మనిషి తిరిగి వస్తున్నాడు. ఓనరు సెల్‌ఫోన్ల సంగతి ఎత్తడం మానేశాడు. మా చెల్లెలు మడకశిరకు ఫోను చేసి రాలేనని చెప్పింది. అందరూ పోయాక మూడు గంటలకు ఆమె, నేను కింద ఒక బల్ల దగ్గర కూర్చుని తింటాం. నేను నిదానంగానే తింటాను. ఆమె తనది అయిపోగానే లేచి గిన్నెలు సర్దుకుంటుంది. మొదటి రోజు నా ముఖం చూసి ఆగింది. నేను తల ఊపాక లేచింది. ఇప్పుడు చూడదు.

బల్ల పలకను ధర్మవరంలో ఆ పట్టుచీరల ఇంటివాళ్ళకు అమ్మాం. వాళ్ళు నేలమీద కూర్చుని పని చేస్తారు గనుక కాళ్ళు అక్కర్లేదన్నారు. నాలుగు కాళ్ళు, రెండు బెంచీలు హిందూపురంలో పాతసామాన్ల అంగట్లో అమ్మాం.